ఎండ్రకాయ పట్టు: లోహవిషాలకు విరుగుడు మందుల చరిత్ర

ముల్లును ముల్లుతోనే తీయాలని మన పెద్దలు చెప్పిన మాట అందరికీ తెలిసినదే. అయితే ఆ సామెత చెప్పేటప్పుడు మనం ఒక సంగతి మరచిపోతూ ఉంటాం. కాలిలో విరిగిన ముల్లును పెకలించడానికి చేతబట్టిన రెండవ ముల్లు కూడ ముల్లే. అది కూడ గ్రుచ్చుకొంటుంది, అది కూడ నెత్తురు కళ్ళజూస్తుంది. తీసేవాని చేయి ఏమాత్రం తొట్రుపడినా మొదటి ముల్లు ఇంకా లోతుకు దిగిపోతుంది. సీసం, పాదరసం, పాషాణం వంటి విషాలను మానవ శరీరంలో నుండి వెలికి తీయడానికి గత ఎనభై సంవత్సరాలుగా వైద్యశాస్త్రం చేసిన ప్రయత్నమంతా ఈ రెండవ ముల్లు చరిత్రే. మందు కనిపెట్టడం ఒక ఎత్తు. ఆ మందు పెట్టే బాధను రోగి తట్టుకొనేటట్లు చేయడం మరొక ఎత్తు. మొదటిదానిని గురించి విరివిగానే వ్రాసినారు. రెండవదానిని గురించి నాలుగు మాటలు చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట లోహవిషానికీ తక్కిన విషాలకూ గల తేడాను గమనించవలెను. సారాయిని గాని, నిద్రమందును గాని మన కాలేయం కొంతకాలానికి విరిచి ముక్కలు చేసి బయటికి పంపగలదు. లోహాన్ని ఏ అవయవమూ విరవలేదు. సీసం సీసంగానే ఉంటుంది. ఎముకలో సున్నం చేరవలసిన చోట చేరి, ఏండ్ల తరబడి అక్కడే కాపురం చేస్తుంది. పెద్దవారి శరీరంలోని సీసంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఎముకలలోనే ఉంటుంది. పాదరసం, పాషాణం మరొక దారి త్రొక్కుతాయి. మన దేహంలోని మాంసకృత్తులలో గంధకంతో కూడిన కొన్ని స్థానాలున్నవి. జీవకణం ఊపిరి తీయడానికి, ఆహారాన్ని శక్తిగా మార్చుకోవడానికి ఆ స్థానాలు తాళంచెవుల వంటివి. ఈ విషాలు వాటిని గట్టిగా పట్టుకొని వదలవు. కనుక వీటికి విరుగుడు కావలెనంటే, ఆ మాంసకృత్తులకంటె గట్టిగా లోహాన్ని పట్టుకొని, మూత్రంలో తనతో పాటు లాగుకొనిపోయే పదార్థం కావలెను.

అటువంటి పట్టు రసాయన ప్రపంచంలో ఉన్నదని శాస్త్రజ్ఞులు ముందే ఎరుగుదురు. లోహపు అణువు చుట్టూ ఇతర పదార్థాలు ఏ విధంగా అమరి ఉంటాయో 1893లో స్విట్జర్లాండులో ఆల్ఫ్రెడ్ వెర్నర్ వివరించినాడు. ఆయనకు 1913లో నోబెల్ బహుమానం లభించినది. ఒకే పదార్థం రెండు మూడు చోట్ల లోహాన్ని పట్టుకొని వలయంగా చుట్టుకొనే తీరుకు 1920లో మోర్గన్, డ్రూ అనే ఇద్దరు ఆంగ్ల రసాయనికులు ఒక పేరు పెట్టినారు. గ్రీకు భాషలో 'కీలీ' అంటే ఎండ్రకాయకుండే పటకారు వంటి ముందుకాలు. దానినుండి 'కీలేషన్' అనే మాట పుట్టినది. సముద్రపు టొడ్డున ఎండ్రకాయను పట్టబోయి వేలు చిక్కించుకొన్న వారికి ఈ పేరులోని ఔచిత్యం వేరే చెప్పనక్కరలేదు.

కాని ఈ పట్టు వైద్యుని చేతికి వచ్చినది ప్రశాంతమైన పరిశోధనాలయంలో కాదు, యుద్ధభయంలో. జూలియస్ న్యూలండ్ అనే రసాయనికుడు 1904లో అమెరికాలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ పాషాణంతో కూడిన ఒక ద్రవాన్ని తయారుచేసి, దాని ఆవిరి సోకి జబ్బుపడి, ఆ పని మానుకొన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజులలో, 1918లో, విన్‌ఫర్డ్ లీ లూయిస్ ఆ మార్గాన్నే పట్టుకొని దానిని యుద్ధాయుధంగా రూపొందించినాడు. ఆయన పేరుమీదుగానే దానికి లూయిసైట్ అని పేరు వచ్చినది. చర్మంపై పడితే బొబ్బలు లేపి, లోనికి ఇంకి ప్రాణం తీయగల ఆ ద్రవం యుద్ధరంగానికి చేరకముందే యుద్ధం ముగిసినది. అయినా భయం ముగియలేదు. రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభం కాగానే శత్రువు దానిని ప్రయోగిస్తే ఏమి చేయాలన్న ప్రశ్న బ్రిటను ముందు నిలిచినది.

సమాధానం ఆక్స్‌ఫర్డులో దొరికినది. అక్కడి జీవరసాయన శాఖలో రుడాల్ఫ్ పీటర్స్, లాయిడ్ స్టాకెన్, రాబర్ట్ థామ్సన్ కలిసి పనిచేసినారు. గంధకపు స్థానం ఒక్కటే ఉన్న పదార్థాలతో ప్రయత్నిస్తే అవి పాషాణాన్ని నిలువరించలేకపోయినవి. వెంట్రుకలలోని మాంసకృత్తుతో పాషాణం రెండేసి గంధక స్థానాలను కలిపి పట్టుకొంటున్నదని వారు గమనించినారు. అయితే మందుకు కూడ రెండు చేతులు ఉండవలెనని వారికి తోచినది. ప్రక్కప్రక్కన రెండు గంధక స్థానాలు గల చిన్న పదార్థాన్ని తయారుచేస్తే, అది పాషాణాన్ని వలయంగా చుట్టి, మాంసకృత్తు పట్టునుండి విడిపించి తీసుకొనిపోయినది. లూయిసైట్‌కు బ్రిటిషువారి విరుగుడు అనే అర్థం వచ్చే మూడు ఆంగ్లాక్షరాలతో దానికి 'బాల్' అని పేరు స్థిరపడినది. వైద్యుల భాషలో అది డైమెర్‌కాప్రాల్. యుద్ధరహస్యంగా దాచిన ఈ సంగతి 1945లో లోకానికి వెల్లడి అయినది.

శత్రువు లూయిసైట్‌ను ప్రయోగించలేదు. అయినా మందు వృథా కాలేదు. 1910 నుండి సవాయి రోగానికి పాషాణంతో చేసిన సాల్వర్సాన్ వంటి మందులు వాడుకలో ఉండేవి. అవి వికటించి ఒళ్ళంతా పొక్కిపోయిన రోగులకు ఈ విరుగుడు ప్రాణదానం చేసినది. పాదరస విషం తిన్నవారికీ పనికివచ్చినది. రోగాన్ని కుదిర్చే మందు విషం కాగా, ఆ విషానికి మరొక మందు కావలసి వచ్చినదన్నమాట. ఇక ఆ మరొక మందు సంగతి ఏమిటి?

అది దుర్గంధం గల నూనెవంటి ద్రవం. నీటిలో నిలువ ఉండదు. అందుచేత దానిని వేరుశెనగ నూనెలో కలిపి, కండలోనికి లోతుగా సూదిమందుగా ఇవ్వవలసి వచ్చినది. రాయలసీమ రైతు పండించే ఆ వేరుశెనగ నూనెకు ఇటువంటి వినియోగం కూడ ఉన్నదని మనలో చాలమందికి తెలియదు. వేరుశెనగ పడనివారికి ఈ కారణం చేతనే ఆ మందు ఇవ్వరాదు. సూది వేసిన చోట భరించరాని నొప్పి. కొద్ది నిమిషాలలో గుండె వేగం పెరుగుతుంది, రక్తపు పోటు పైకి లేస్తుంది. పెదవులు, నోరు, గొంతు మండుతాయి. కళ్ళ నీరు, నోటి నీరు ఊరుతాయి. వాంతి, తలనొప్పి, గొంతునూ రొమ్మునూ ఎవరో నొక్కుతున్నట్లు భయం. పిల్లలకు జ్వరం వస్తుంది. ఇవన్నీ గంట రెండు గంటలలో తగ్గుముఖం పడతాయి. కాని అంతలోనే, మొదటి సూది వేసిన నాలుగు గంటలకు, రెండవ సూది సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడే వైద్యులు తమ మొదటి పాఠం నేర్చుకొన్నారు. జరుగబోయేదేమిటో రోగికి ముందే చెప్పవలెను. గొంతు నొక్కినట్లు అనిపించడం మందు స్వభావమనీ, కొంతసేపటిలో తగ్గుతుందనీ తెలిసిన రోగి ఓర్చుకొంటాడు. తెలియని రోగి తాను చనిపోతున్నాననుకొని రెండవ సూదికి చేయి ఇవ్వడు. సూదికీ సూదికీ నడుమ ఎడం పాటించడం, రక్తపు పోటును కనిపెట్టి ఉండడం, మూత్రం ఆమ్లంగా ఉంటే లోహం మందు పట్టునుండి మళ్ళీ జారిపోయి మూత్రపిండాలకు హాని చేస్తుంది గనుక క్షారగుణం గలదిగా ఉండేటట్లు చూడడం ఆచారమైనవి. అంతేకాదు, ఏ లోహానికి ఈ మందు పనికిరాదో కూడ తెలిసివచ్చినది. ఇనుముతో కలిస్తే ఈ మందే విషమవుతుంది. కొన్ని విధాల పాదరసాన్ని మెదడులోనికి చేరవేస్తుంది. ముల్లు ఏదో తెలియకుండా సూది పట్టరాదని దీని తాత్పర్యం.

రెండవ ఘట్టం రాగికి సంబంధించినది. 1912లో కిన్నియర్ విల్సన్ అనే వైద్యుడు ఒక వంశపారంపర్య వ్యాధిని వర్ణించినాడు. యౌవనంలో ఉన్నవారికి చేతులు వణకడం, మాట తడబడడం, కాలేయం చెడడం, చివరకు మరణం. రోగి మెదడులోను, కాలేయంలోను రాగి మితిమీరి ఉన్నదని 1948లో కమింగ్స్ నిరూపించినాడు. ఇది బయటినుండి వచ్చిన విషం కాదు; నిత్యాహారంలోని రాగిని దేహం బయటికి పంపలేకపోవడం. కనుక మందు పది రోజులతో పోదు, జీవితాంతం కావలెను. 1951లో ఆక్స్‌ఫర్డు విరుగుడునే కొందరికి ఇచ్చి చూడగా మేలు కనబడినది. అయితే నొప్పిగల ఆ సూదులను ఏండ్ల తరబడి పొడిపించుకొనేదెవరు?

ఈ చిక్కును విడదీసినవాడు ఆంగ్ల వైద్యుడు జాన్ వాల్ష్. పెన్సిలిన్ ఇచ్చిన రోగుల మూత్రంలో పెన్సిలమైన్ అనే పదార్థం ఉండడం ఆయన ఎరుగును. అమెరికాలోని బోస్టన్ నగరంలో విల్సన్ వ్యాధిగ్రస్తుని చూచినప్పుడు, ఈ పదార్థం రాగిని పట్టుకోగలదని ఆయనకు స్ఫురించినది. అది మనిషికి హాని చేయదని తేల్చుకోవడానికి మొదటి మోతాదు తానే మ్రింగినాడు. తరువాతనే రోగికి ఇచ్చినాడు. 1956లో ఆ సంగతి ప్రకటించినాడు. సూది లేకుండా నోటితో మ్రింగే మందు దొరికినది. అంతవరకు మరణమే గతియైన వ్యాధికి చికిత్స దొరికినది.

కాని ఈ ముల్లుకూ మొన ఉన్నది. మొదటి కొద్ది వారాలలోనే కొందరికి జ్వరం, దద్దురులు. కొందరికి నోటి రుచి పోయేది. కొందరికి రక్తంలోని తెల్ల కణాలు తగ్గిపోయేవి. కొందరి మూత్రపిండాలు చెడి మూత్రంలో మాంసకృత్తు పోయేది. అన్నిటికంటె దారుణమైనది, మందు మొదలుపెట్టిన తరువాత కొందరికి వణుకు, మాట తడబాటు ఇంకా పెరగడం. రాగి తన నెలవు నుండి కదిలి పోతూ పోతూ మరొకచోట దెబ్బతీసినట్లుగా ఉండేది. బాగుపడుదామని వచ్చిన మనిషి నడకే పోగొట్టుకొంటే ఆ యింటివారికి ఏమి సమాధానం చెప్పగలరు?

వైద్యులు ఒక్కొక్క చిక్కునూ విడిగా పట్టుకొన్నారు. మొదట తయారైన మందులో కుడి ఎడమ చేతుల వలె రెండు రూపాలు కలిసి ఉండేవి. వాటిలో ఒకటి బి6 విటమినును దెబ్బతీస్తున్నదని తెలిసి, దానిని తొలగించి రెండవదానినే వాడసాగినారు. జాగ్రత్త కొరకు బి6 విటమిను కూడ జతచేసినారు. పూర్తి మోతాదుతో ఆరంభించడం మాని, కొద్దికొద్దిగా పెంచడం అలవాటు చేసినారు. దద్దురులు వచ్చినవారికి మందు ఆపి, తగ్గిన తరువాత అతి స్వల్పంగా మళ్ళీ మొదలుపెట్టినారు. రక్తాన్నీ, మూత్రాన్నీ నియమంగా పరీక్షించడం చికిత్సలో ఒక భాగమైనది. అయినా కొందరికి పెన్సిలమైన్ ఏ విధంగానూ పడలేదు. అటువంటివారి కొరకు 1969లో వాల్ష్ ట్రయంటిన్ అనే మరొక మందును ప్రవేశపెట్టినాడు. ఆ తరువాత జింకు లవణాలు వచ్చినవి. అవి రాగిని ప్రేగులలోనే అడ్డగిస్తాయి.

ఈ చరిత్రలో నా మనస్సుకు అన్నిటికంటె గట్టిగా తాకిన విషయం మరొకటి ఉన్నది. ఏండ్ల తరబడి మందు వాడి ఆరోగ్యంగా ఉన్న కొందరు రోగులు, ఇక చాలులే అని తమంత తామే మానివేసినారు. వారిలో పలువురు మరణించినారు. ఈ ప్రమాదాన్ని గురించి వాల్ష్ 1986లో లోకాన్ని హెచ్చరించినాడు. మందు పెట్టే బాధను వైద్యునికి చెప్పక, దానిని రహస్యంగా మానుకోవడం ఎంతటి అపాయమో దీనివలన తెలుస్తున్నది. చెప్పినవారికి మారుమందు దొరికేది. చెప్పనివారికి కాలం చాలలేదు.

మూడవ ఘట్టం సీసానిది. దీని మందు బట్టల అద్దకంలో పుట్టినది. నీటిలోని సున్నం రంగులను చెడగొట్టకుండా ఉండేందుకు జర్మనీలో ఫెర్డినాండ్ మున్జ్ 1930 ప్రాంతాలలో ఇ.డి.టి.ఎ. అనే పదార్థాన్ని రూపొందించినాడు. సున్నాన్ని పట్టుకొనేది సీసాన్ని కూడ పట్టుకొంటుంది, ఇంకా గట్టిగా పట్టుకొంటుంది. అమెరికా నగరాలలోని పాత ఇళ్ళలో గోడలకు, కిటికీలకు వేసిన సీసపు రంగు పెచ్చులుగా రాలేది. ఆ పెచ్చులను నోట పెట్టుకొన్న పసివాళ్ళకు మెదడు వాచి, మూర్ఛలు వచ్చేవి. 1952లో వాషింగ్టన్‌లో అటువంటి పిల్లలకు ఈ మందు ఇచ్చినారు. అయితే ఒక మెలకువ అవసరమైనది. ఉత్త ఇ.డి.టి.ఎ. ఇస్తే అది రక్తంలోని కాల్షియాన్నే లాగివేసి గుండెను ఆపగలదు. అందుచేత ముందుగానే కాల్షియంతో నింపిన రూపాన్ని వాడినారు. అది సీసం కనబడగానే కాల్షియాన్ని వదలి సీసాన్ని అందుకొంటుంది.

మొదటి రోజులలో మోతాదు మితిమీరి కొందరి మూత్రపిండాలు దెబ్బతిన్నవి. దానితో అయిదు రోజులు ఇచ్చి, కొన్ని రోజులు విశ్రాంతి ఇచ్చి, అవసరమైతే మళ్ళీ ఇచ్చే పద్ధతి వచ్చినది. సీసంతోపాటు జింకు కూడ పోతున్నదని తెలిసి దానినీ కనిపెట్టసాగినారు. మెదడు వాచిన పిల్లలకు ఈ మందు ఒక్కటే ఇస్తే పరిస్థితి విషమించవచ్చునని గమనించి, బాల్టిమోరులో జూలియన్ చిసోమ్ మొదట ఆక్స్‌ఫర్డు విరుగుడును ఇచ్చి, నాలుగు గంటల తరువాత దీనిని జతచేసే విధానాన్ని 1968లో వివరించినాడు. ఒకదాని లోపాన్ని మరొకటి కప్పినది. ఇంకొక సంగతి తల్లిదండ్రులకు చెప్పవలసి వచ్చినది. చికిత్స ముగిసిన కొన్ని వారాలకు రక్తంలో సీసం మళ్ళీ పెరుగుతుంది. అది మందు ఓడిపోవడం కాదు. ఎముకలలో దాగిన సీసం మెల్లగా రక్తంలోనికి దిగడం. ఈ మాట ముందే చెప్పనిచోట తల్లులు నిరాశపడి బిడ్డలను మళ్ళీ తీసుకొనిరారు.

ఆక్స్‌ఫర్డు విరుగుడుకు చెల్లెలి వంటి సక్సిమర్ అనే మందును 1991లో అమెరికా ప్రభుత్వం పిల్లలకు సీసవిషం నిమిత్తం అనుమతించినది. ఇది నోటితో ఇచ్చే మందు, పందొమ్మిది రోజుల వరుస. గ్రుడ్డు కుళ్ళిన వాసన వేస్తుంది గనుక పిల్లలు మ్రింగరు. గొట్టంలోని గుళికలను మెత్తని ఆహారంపై చల్లి పెట్టవచ్చును. కడుపులో త్రిప్పడం, విరేచనాలు, దద్దురులు, తెల్ల కణాలు తగ్గడం దీనికీ ఉన్నవి. కాని సూదుల యాతన తప్పినది.

ఇంత సులభమైన మందు దొరికినప్పుడు సీసం కొద్దిగా ఉన్న పిల్లలందరికీ ఇచ్చివేయరాదా? అమెరికాలో 780 మంది పసివాళ్ళపై ఈ ప్రశ్నను పరీక్షించి 2001లో ఫలితం ప్రకటించినారు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 20 నుండి 44 మైక్రోగ్రాముల సీసం ఉన్న పిల్లలు వారు. మందు రక్తంలోని సీసాన్ని తగ్గించినది. కాని తెలివితేటల పరీక్షలలో, మందు తీసుకొన్న పిల్లలకూ తీసుకోని పిల్లలకూ భేదం కనబడలేదు. జరిగిపోయిన హానిని మందు వెనుకకు త్రిప్పలేకపోయినది.

అవసరం లేనిచోట ఈ మందుల వాడుక ఎంత దూరం పోగలదో కూడ చరిత్ర చూపినది. 2003 నుండి 2005 వరకు అమెరికాలో ఇద్దరు పిల్లలు, ఒక పెద్ద మనిషి కీలేషన్ చికిత్స పొందుతూ రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయినారు. సీసానికి వాడవలసిన కాల్షియం కలిసిన రూపానికి బదులు, కాల్షియాన్ని లాగివేసే రూపం శరీరంలోనికి పోయినది. పేర్లు దగ్గరగా ఉన్న రెండు సీసాలు. ఒకటి విరుగుడు, రెండవది మృత్యువు. ఒంటిలోని మలినాలను కడిగివేస్తామని చెప్పి వైద్యుని చీటీ లేకుండా అమ్మే కీలేషన్ సరకుల విషయమై 2010లో అక్కడి ప్రభుత్వమే ప్రజలను హెచ్చరించవలసి వచ్చినది. ఎలుకమీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నవాని కథ మనం ఎరుగుదుము. ఇక్కడ చాలచోట్ల ఎలుక కూడ లేదు.

ఈ పాఠాలన్నీ ఒకచోట కూడివచ్చినది ఆఫ్రికాలో. 2010లో ఉత్తర నైజీరియాలోని జంఫారా రాష్ట్రంలో పల్లెలకు పల్లెలే సీసవిషం పాలైనవి. అక్కడి పేదలు బంగారం కొరకు రాళ్ళను తెచ్చి ఇళ్ళ ముంగిళ్ళలోనే దంచేవారు. ఆ రాళ్ళలో సీసం విస్తారంగా ఉన్నది. ఆ దుమ్ములో ఆడుకొన్న పిల్లలు నాలుగు వందల మందికి పైగా మరణించినారు. సహాయానికి వచ్చిన వైద్యులు మందు సంచులు విప్పేముందు ఒక నియమం పెట్టుకొన్నారు. ముందు ఆ ముంగిలి మట్టిని త్రవ్వి తీసివేయవలెను, తరువాతనే బిడ్డకు మందు. విషం ఒక వైపు లోనికి పోతూ ఉండగా మరొక వైపు లాగడం చిల్లుకుండలో నీరు పోసినట్లే గదా. ఆ క్రమంలో సక్సిమర్ మందును అయిదేండ్లలోపు పిల్లలకు 3,180 విడతలుగా ఇచ్చిన వివరాలు 2014లో ప్రచురణ పొందినవి. మందు పుచ్చుకొనేటప్పుడు ఎదుట నిలిచి చూడడం, రక్తాన్ని పరీక్షించడం, వికటించిన గుర్తులు కనిపెట్టడం విడువలేదు. తీవ్రమైన ఉపద్రవాలు అరుదుగానే కనబడినవి.

ఆక్స్‌ఫర్డు పరిశోధనాలయం నుండి జంఫారా మట్టి ముంగిళ్ళ వరకు సాగిన ఈ చరిత్రలో మందులు మారినవి, సూదులు పోయి గుళికలు వచ్చినవి. మారని క్రమం ఒకటి ఉన్నది. విషం ఎక్కడినుండి వస్తున్నదో మొదట తెలుసుకొని దానిని అరికట్టడం, ఒంటిలో ఉన్న లోహం ఏదో పరీక్షతో తేల్చుకోవడం, దానికి తగిన మందును తగిన మోతాదులో వైద్యుని కంటి ఎదుట తీసుకోవడం, మందు పెట్టే బాధను దాచక చెప్పడం. శ్రోతలలో ఎవరి ఇంటనైనా ఇటువంటి చికిత్స జరుగుతున్నట్లయితే, బాధగా ఉన్నదని మందు మానివేయడానికి ముందు, ఆ బాధ ఏమిటో ఒక కాగితంపై వ్రాసుకొని వైద్యుని దగ్గరకు వెళ్ళండి. ఆయనకు కావలసినది ఆ కాగితమే.